క్లిప్పు పెట్టించి తప్పు చేశామా డాక్టరు గారూ?

రెండు నెలల కిందట మైగ్రేన్ గురించి రాస్తూ చివర్లో "ఉన్నట్టుండి పిడుగు పడినట్టు వచ్చే తలనొప్పి వేరు, దాని సంగతి ఇంకోసారి" అని ఒక ముక్క అన్నాను. అంతే, ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. సగానికి పైగా మెదడు రక్తనాళంలో వచ్చే బుడగ, అంటే అన్యూరిజం గురించే. తల తెరిచి క్లిప్పు పెట్టించాలా, కాలి నుంచి తీగ పంపి కాయిల్ వేయించాలా అని. ముందే చెప్పేస్తున్నాను, నేను న్యూరో ఫిజీషియన్ని. క్లిప్పూ పెట్టను, కాయిలూ వేయను, పేషెంటుని ఆ గదిలోకో ఈ గదిలోకో పంపి ఇంటివాళ్ళతో పాటు బయట నిలబడేవాణ్ణి. కాబట్టి నాకు ఏ పక్షమూ లేదు.

ప్రశ్న: మా అమ్మకి 59 ఏళ్ళు. వినాయక చవితి ముందు రోజు పొద్దున వంటింట్లో పిండి కలుపుతూ "తల పగిలిపోతోందిరా" అని కూలబడింది. రెండు వాంతులయ్యాయి, తర్వాత మాట లేదు. గుంటూరు తీసుకెళ్తే కుడివైపు రక్తనాళం మీద బుడగ పగిలిందనీ, పక్కన పెద్ద రక్తపు గడ్డ కట్టిందనీ చెప్పి అదే రాత్రి పుర్రె తెరిచి క్లిప్పు పెట్టారు. 26 రోజులు ఉన్నాం. ఇప్పుడు నడుస్తోంది, ఎడమ చేతిలో పట్టు తక్కువ, మతిమరుపు ఉంది. హైదరాబాదులో ఉండే మా బావగారు "ఈ రోజుల్లో ఇంకా తల కోయించారా, కాలి నుంచి తీగ పంపి అరగంటలో తేల్చేసేవాళ్ళు" అని వచ్చినవాళ్ళందరి ముందూ అంటున్నారు. సంతకం పెట్టింది నేనే. నిజంగా తొందరపడ్డానా?
— తెనాలి పాఠకుడు

జవాబు: లేదు బాబూ, తొందరపడలేదు. నువ్వు రాసిన వివరాలే నిజమైతే ఆ రాత్రి నేనున్నా సర్జన్ గారికే ఫోన్ చేసేవాణ్ణి.

మీ బావగారి మాట గాల్లోంచి పుట్టింది కాదు, దానికి ఒక మూలం ఉంది. అది చెప్పాలంటే ముందు ఈ రెండు పద్ధతులూ ఏం చేస్తాయో చెప్పాలి. పాత సైకిల్ ట్యూబులో గాలి కొడితే బలహీనంగా ఉన్నచోట బుగ్గలా ఉబ్బుతుంది చూడు, మెదడు కింద రక్తనాళాలు రెండుగా చీలే చోట గోడ అలాగే ఉబ్బుతుంది. పగిలితే మెదడు చుట్టూ రక్తం చిమ్ముతుంది. ఒకసారి పగిలి దానంతటది మూసుకున్న బుడగ మళ్ళీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికన్నా ఎక్కువ, రెండోసారి పగిలితే చాలామంది దక్కరు. అందుకే ఆ తొందర.

క్లిప్పు అంటే బట్టల క్లిప్పుకి మరీ చిన్న చెల్లెలు అనుకో, టైటానియంది, వేలి గోరు మీద పడుకోబెట్టొచ్చు. దాన్ని బుడగ మెడకి బయటనుంచి పట్టిస్తే బుడగలోకి రక్తం పోదు, పక్కనున్న అసలు నాళంలో మాత్రం పారుతూనే ఉంటుంది. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ అనే సర్జన్ మొదటిసారి ఈ పని చేశాడు, అప్పట్లో వెండి క్లిప్పు. పీజీ చదివే రోజుల్లో నేను థియేటర్లో ఒక మూల స్టూలెక్కి చూశాను. మైక్రోస్కోపు కింద ఆ బుడగ ఎంత పల్చగా ఉందంటే లోపల రక్తం సుడి తిరగడం కనిపిస్తోంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా అది అదురుతోంది. సర్జన్ గారు ముందు పెద్ద నాళం మీద టెంపరరీ క్లిప్పు వేసి రక్తం ఆపారు, ఆ క్షణం నుంచి మత్తు డాక్టరమ్మ "ఒక నిమిషం... రెండు నిమిషాలు" అని పైకే చెబుతూ ఉంది, ఎందుకంటే అంతసేపూ ఆ వైపు మెదడుకి రక్తం సరిగ్గా అందదు. ఆవిడ నాలుగు అనకముందే అసలు క్లిప్పు పడింది. నా చేతులకి చెమటలు, ఆయన చేతులకి మాత్రం లేవు.

కాయిల్ సంగతి వేరు. గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోంచి సన్నటి గొట్టాన్ని ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ మెదడు దాకా పంపి, బుడగ లోపలికి కుట్టుదారమంత ప్లాటినం తీగని వదులుతారు. గొట్టంలో తిన్నగా ఉన్న తీగ బయటికి రాగానే ఉండ చుట్టుకుంటుంది. సరిగ్గా కుదిరిందనుకుంటే చిన్న కరెంటు పంపి అతుకుని కరిగించి విడిచేస్తారు, కుదరలేదంటే వెనక్కి లాగేస్తారు. ఒకదాని తర్వాత ఒకటి ఉండలు నింపితే లోపల రక్తం గడ్డకట్టి బుడగ మూసుకుంటుంది. దీన్ని కనిపెట్టింది గూల్యెల్మి అనే ఇటలీ డాక్టరు, 1990లో లాస్ ఏంజిలెస్‌లో మొదటి పేషెంటుకి వాడారు.

ఇక మీ బావగారి మాటకి మూలం. ఎక్కువగా బ్రిటన్, యూరప్ ఆసుపత్రుల్లో ఐశాట్ అని ఒక పెద్ద పరీక్ష జరిగింది, మొదటి ఫలితాలు 2002లో, పూర్తి లెక్క 2005లో వచ్చాయి. పగిలిన బుడగ ఉన్న 2,143 మందిని లాటరీ తీసినట్టు కొందరిని క్లిప్పుకీ కొందరిని కాయిల్‌కీ పంపారు. ఏడాది తర్వాత చూస్తే చనిపోయినవాళ్ళూ, పరాధీనంగా మిగిలినవాళ్ళూ కలిపి క్లిప్పు వైపు నూటికి 30.9, కాయిల్ వైపు 23.5. చిన్న తేడా కాదు. ఆ దెబ్బతో ప్రపంచమంతా కాయిల్ వైపు తిరిగింది, తిరగాల్సిందే కూడా. కానీ ఆ 2,143 మంది ఎవరు? మొత్తం 9,559 మందిని చూసి, "దీనికి రెండు పద్ధతులూ పనికొస్తాయి, ఏది మంచిదో మాకే తెలియట్లేదు" అని సర్జన్, కాయిల్ వేసే డాక్టరు ఇద్దరూ ఒప్పుకున్నవాళ్ళనే తీసుకున్నారు. అంటే మిగతా ఏడు వేల పైచిలుకు మంది, ఇదే చేయాలి అని ముందే తేలిపోయినవాళ్ళతో సహా, ఆ లెక్కలో లేరు. మీ అమ్మ లాంటి పేషెంటు ఆ లాటరీ దాకా వచ్చేదే కాదు.

ఎందుకంటావా? నువ్వు పంపిన డిశ్చార్జ్ కాగితంలో మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ, అంటే మెదడు పక్క భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళం, అని రాసుంది. అక్కడ బుడగలకి మెడ వెడల్పుగా ఉండటం, మెడలోంచే కొమ్మ నాళాలు బయలుదేరడం మామూలు. లోపల ఉండలు నింపితే అవి జారి ఆ కొమ్మని మూసేసే భయం ఉంటుంది. పైగా ఆ చోటు కణతకి దగ్గర, సర్జన్ చేతికి సులువుగా అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన పెద్ద గడ్డ మెదడుని నొక్కుతోంది. కాయిల్ వేసినా ఆ గడ్డ తీయడానికి తల తెరవక తప్పదు, తెరిచిన దారిలోనే గడ్డా తీశారు, క్లిప్పూ పెట్టారు. బావగారికి ఈ పేరా చదివి వినిపించు.

"అరగంటలో" అన్న మాట కూడా సరికాదు. కాయిల్‌కీ పూర్తి మత్తు కావాలి, గంటలు పట్టొచ్చు, తీగ మొన తగిలి బుడగ అక్కడే పగలొచ్చు, గడ్డ జారి పక్షవాతం రావొచ్చు. కోత లేదు కాబట్టి చిన్న పని అనుకుని వచ్చే కుటుంబాలని చూస్తే నాకు టెన్షన్. బుడగ ఏ దారిలో మూసినా ఆ తర్వాత రోజులు ఒకటే, చిమ్మిన రక్తం చేసే గొడవ ఉండనే ఉంటుంది. నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా నాళాలు బిగుసుకుపోతాయి, దానికే 21 రోజులు నిమోడిపిన్ ఇస్తారు, నాలుగు గంటలకోసారి, రాత్రి లేపి మరీ. మీ 26 రోజులు కాయిల్ వేయించినా పెద్దగా తగ్గేవి కావు. అమ్మ చేతి బలహీనతలో, మతిమరుపులో ఎక్కువ పాలు ఆ రక్తానిదీ గడ్డదీ, పుర్రె తెరిచినందుకు వచ్చింది తక్కువ. ఫిజియోథెరపీ ఆపొద్దు, ఏడాది దాకా మెరుగుదల వస్తూనే ఉంటుంది. మళ్ళీ పిండి కలపనివ్వు, ఆ చేత్తోనే. అంతకన్నా మంచి ఎక్సర్‌సైజు నాకు తెలియదు.

ప్రశ్న: నేను టీచర్ని, 47 ఏళ్ళు. కళ్ళు తిరుగుతున్నాయని ఎంఆర్ఐ తీయిస్తే మెదడుకి వెళ్ళే కెరోటిడ్ నాళం మీద 4 ఎం.ఎం. బుడగ ఉందన్నారు. ఒక డాక్టరు గారు వెంటనే కాయిలింగ్ అన్నారు, ఇంకొకరు ఏడాదికోసారి స్కాన్ చాలన్నారు. రాత్రి నిద్ర లేదు. గట్టిగా దగ్గాలన్నా, క్లాసులో గొంతు పెంచాలన్నా భయం.
— కరీంనగర్

జవాబు: ముందు దగ్గండమ్మా, ఏం కాదు. పెద్దవాళ్ళని వందమందిని పట్టుకుని స్కాన్ తీస్తే ముగ్గురికి ఇలాంటిది కనపడుతుంది. వాళ్ళలో చాలామంది అది ఉందని తెలియకుండానే ముసలివాళ్ళై వేరే కారణాలతో పోతారు. మీకు కళ్ళు తిరగడానికీ దీనికీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ, చెవి డాక్టరుని కలవండి.

పగలని బుడగకి లెక్క పూర్తిగా వేరు. పగిలినదానికి ఏదో ఒకటి చేయకపోతే ప్రాణం మీదకి వస్తుంది, పగలనిదానికి ఏమీ చేయకపోవడం కూడా ఒక వైద్యమే. 2003లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో, ఇంతకుముందు రక్తస్రావం లేనివాళ్ళలో, మెదడు ముందు భాగపు నాళాల మీద 7 ఎం.ఎం. కన్నా చిన్న బుడగలు అయిదేళ్ళలో ఒక్కటీ పగల్లేదు. 7 నుంచి 12 ఎం.ఎం. ఉన్నవి నూటికి 2.6 పగిలాయి, 25 దాటితే నూటికి 40. ఈ లెక్కకీ ఒక లోపముంది. భయంకరంగా కనిపించినవాటికి ముందే ఆపరేషన్ చేసేశారు, మిగిలినవాటినే లెక్కపెట్టారు. చిన్నవి కూడా పగిలి రావడం నేను చూశాను, అందుకని సున్నా అనే మాటని నేను నమ్మను. తక్కువ అంటే నమ్ముతాను.

ఇటుపక్క వైద్యానికీ రిస్కు ఉంది కదా. పగలని బుడగలకి వైద్యం చేయించుకున్న లక్షమందికి పైగా పేషెంట్ల వివరాలు కూడగట్టి 2019లో లెక్క చూశారు, నెలలోపు ఇబ్బందులొచ్చినవాళ్ళు కాయిల్ లాంటి పద్ధతుల్లో నూటికి సుమారు 5, తల తెరిచినవాళ్ళలో సుమారు 8. మీకు రాబోయే అయిదేళ్ళలో పగిలే అవకాశం దానికన్నా చాలా తక్కువైతే, ఈరోజే ఆ రిస్కు నెత్తికెత్తుకోవడం ఎందుకు? పగిలే ముప్పు అంచనా కట్టడానికి డాక్టర్లు వాడే ఫేజెస్ స్కోరులో చూసేది ఇవే: ఏ దేశం వాళ్ళు, బీపీ ఉందా, వయసు 70 దాటిందా, సైజెంత, ఇంతకుముందు ఇంకో బుడగ పగిలిందా, ఏ చోట ఉంది. మీకు బీపీ ఉంటే ఒక్క పాయింటు, లేకపోతే సున్నా. మీరు రాసినదాన్ని బట్టి రెండో డాక్టరు గారి మాటే నాకు సరి అనిపిస్తోంది. అయితే బుడగ ఆకారం గతుకులుగా ఉందా, దాని మీద ఇంకో పిల్ల బుడగ ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఈ మూడూ అడగండి. వీటిలో ఏది అవునన్నా నా మాట మారుతుంది.

బీపీ చూసుకోండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే బయటికి పంపండి, ఈ బుడగకి సిగరెట్ కన్నా పెద్ద శత్రువు లేదు. స్కాన్‌లో పెరిగినట్టు కనపడినా, ఉన్నట్టుండి ఒక కంటి రెప్ప వాలి వస్తువులు రెండుగా కనపడినా ఆ రోజే వెళ్ళాలి. క్లాసులో అరవండి, పిల్లలు వినాలి కదా.

ప్రశ్న: మావారికి పోయినేడు పగిలిన బుడగకి కాయిలింగ్ చేసి, ఆ తర్వాత స్టెంటు కూడా వేశారు. మొన్న మళ్ళీ యాంజియో తీసి మెడ దగ్గర కాస్త తెరుచుకుంది, ఇంకో కాయిల్ వేయాలంటున్నారు. మొదటిసారి సరిగ్గా చేయలేదనా? ఇంకో సంగతి, పన్ను పీకించుకోవాలంటే రక్తం పల్చబడే మాత్రలు వారం ఆపమని పళ్ళ డాక్టరు చెప్పారు.
— కర్నూలు పాఠకురాలు

జవాబు: రెండోదాని జవాబు ముందు. ఆపొద్దు. స్టెంటు వేసిన డాక్టరు గారికి ఫోన్ చేయకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఇలాంటి మాత్రలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉన్నట్టుండి మానేస్తే స్టెంటులో గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. ఒక్క పన్ను చాలాసార్లు మాత్రలు ఆపకుండానే, దూది గట్టిగా నొక్కి, కుట్టువేసి తీసేస్తారు. ఆ ఇద్దరు డాక్టర్లనీ ఫోన్లో మాట్లాడుకోమనండి, మధ్యలో మీరు కబురు మోయొద్దు.

ఇక మొదటిది. కాయిల్‌కి ఉన్న అసలు బలహీనత ఇదే, దీన్ని ముందే చెప్పకపోతే తర్వాత మోసపోయామనిపిస్తుంది. బుడగ నిండా ప్లాటినం నింపారని మనం అనుకుంటాం గానీ నిజానికి లోహం నిండేది నాలుగో వంతు, బాగా పడితే మూడో వంతు, మిగిలిందంతా గడ్డకట్టిన రక్తమే. రక్తం పోటు కొడుతూ కొడుతూ ఉంటే ఉండలు లోపలికి నొక్కుకుని మెడ దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. పరుపులో పత్తి ఒక మూలకి పోయినట్టు. ఐశాట్ వాళ్ళనే తర్వాత వెంటాడి చూస్తే కాయిల్ వేసినవాళ్ళలో నూటికి 17.4 మందికీ, క్లిప్పు పెట్టినవాళ్ళలో 3.8 మందికీ మళ్ళీ వైద్యం చేయాల్సొచ్చింది. కాబట్టి మొదటిసారి చేతకాక అని కాదు. మళ్ళీ యాంజియో తీసి పట్టుకున్నారంటే వాళ్ళ పని వాళ్ళు చేశారనే లెక్క. చూడకుండా వదిలేసేవాళ్ళ గురించి బెంగ పడాలి.

నలభైల్లో ఉన్న పేషెంటుకి, సర్జన్ చేతికి అందే చోట బుడగ ఉంటే, నేను క్లిప్పు గురించి కూడా మాట్లాడమంటాను. ముందు నలభై ఏళ్ళ జీవితం ఉంది, ఒకసారి మూసేస్తే మాటిమాటికీ యాంజియోల గోల తగ్గుతుంది. అదే డెబ్బై దాటి, షుగరూ గుండె జబ్బూ ఉంటే కాయిల్ వైపే మొగ్గుతాను. మెదడు వెనక కాండం దగ్గర బేసిలార్ నాళం కొసన బుడగ ఉంటే వయసుతో పని లేకుండా దాదాపు ఎప్పుడూ కాయిల్ వైపే, అక్కడికి కత్తితో చేరడం అంత కష్టం. అమెరికాలో ఫీనిక్స్‌లో ఇంకో పరీక్ష చేశారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఒకరిని అటూ ఒకరిని ఇటూ పంపుదామనుకుంటే, కాయిల్‌కి పంపినవాళ్ళలో మూడో వంతుకి పైగా అది కుదరదని క్లిప్పుకి తిరిగొచ్చారు. ఏడాదికి కాయిల్ మెరుగ్గా కనిపించింది, మూడేళ్ళయ్యేసరికి ఆ తేడా నిలవలేదు, వెనక భాగపు బుడగల్లో మాత్రం కాయిల్ ముందే ఉంది. ఇప్పుడు ఫ్లో డైవర్టర్ అని, బుడగలోకి పోకుండా నాళంలోనే పెట్టే సన్నటి జల్లెడ గొట్టం కూడా వచ్చింది. పెద్దవాటికి, మెడ వెడల్పుగా ఉన్నవాటికి బాగా పనిచేస్తోంది గానీ ఆ రెండు మాత్రలూ నెలల తరబడి తప్పవు. మీవారి విషయంలో రెండో కాయిల్ చేయించండి, మొదటిదాని అంత ప్రమాదం ఉండదు.

ప్రశ్న: నాన్నగారికి 1991లో క్లిప్పు పెట్టారు. డాలస్ తీసుకెళ్తున్నాం. ఎయిర్‌పోర్టులో మోగుతుందా? ఇక్కడ నడుంనొప్పికి ఎంఆర్ఐ రాశారు, తీయించొచ్చా?
— విశాఖపట్నం

జవాబు: ఎయిర్‌పోర్టుకి భయం లేదు, విమానానికీ లేదు. ఎంఆర్ఐకి మాత్రం ఆగండి! ఇప్పటి టైటానియం క్లిప్పులకి ఇబ్బంది లేదు గానీ ఆ రోజుల్లో కొన్ని క్లిప్పులు అయస్కాంతానికి కదిలే స్టీలువి, మెషీన్‌లోకి వెళ్ళగానే మెలితిరిగి నాళాన్ని చీల్చే ప్రమాదం ఉంది. పాత ఆపరేషన్ నోట్సులో క్లిప్పు కంపెనీ, రకం దొరికితేనే రేడియాలజిస్టు ఒప్పుకుంటారు, దొరక్కపోతే సీటీతో సరిపెట్టుకోవాలి. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు ఆ స్టిక్కరు ఉన్న కాగితాన్ని లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి.

ప్రశ్న: కాయిల్‌కి ఇంత ఖర్చా? ఎస్టిమేట్ అడిగితే "లోపలికి వెళ్ళాక తెలుస్తుంది" అంటున్నారు.
— ఖమ్మం

జవాబు: అది తప్పించుకునే మాట కాదు, నిజమే. ఒక్కో కాయిల్‌కి విడిగా ధర, బుడగకి మూడు పడతాయో ఎనిమిది పడతాయో నింపితే గానీ తెలియదు. స్టెంటు అవసరమైతే ఇంకో పద్దు. అయినా "తక్కువలో తక్కువ ఎన్ని, ఎక్కువలో ఎక్కువ ఎన్ని, స్టెంటు పడొచ్చా" అని అడిగితే అనుభవమున్న డాక్టరు చెప్పగలరు. తర్వాత తీసే యాంజియోలూ మీ లెక్కలో వేసుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అడ్మిట్ అయ్యే ముందే ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఆ ఆసుపత్రిలో ఈ రెండింటిలో దేనికి అప్రూవల్ వస్తుందో కనుక్కోండి, డబ్బు కట్టేశాక పరిగెత్తితే లాభం లేదు. రెండూ పనికొచ్చే బుడగ అయి, సర్జన్ వీటిని తరచూ చేసే మనిషైతే, డబ్బు చూసి క్లిప్పు ఎంచుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: మా అమ్మా, పెద్దక్కా ఇద్దరూ ఇదే జబ్బుతో పోయారు. నాకు 35. పరీక్ష చేయించుకోవాలా? చేయించుకుంటే రిపోర్టు మీకు వాట్సాప్‌లో పంపొచ్చా?
— నెల్లూరు

జవాబు: చేయించుకో తల్లీ. సొంత అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఇద్దరికి ఉంటే ఎంఆర్ఐ యాంజియో తీయించమనే చెబుతాం, మందు ఎక్కించకుండానే తీయొచ్చు. కిడ్నీల్లో తిత్తులు పుట్టే జబ్బు ఇంట్లో ఉన్నా అంతే. ఈసారి ఏమీ లేదని వచ్చినా అయిదారేళ్ళకి మళ్ళీ ఒకసారి చూపించుకోవాలి. మిగతా తోబుట్టువులకీ చెప్పు.

వాట్సాప్ మాత్రం వద్దు. కిటికీకి ఆనించి తీసిన ఫిల్ము ఫొటోలో నాకు నీ వేళ్ళు కనపడతాయి గానీ బుడగ మెడ కనపడదు. సీడీ అడిగి తీసుకో, ఒకవేళ ఏదైనా కనపడితే క్లిప్పు పెట్టే సర్జనూ కాయిల్ వేసే డాక్టరూ ఇద్దరూ ఒకే చోట ఉన్న ఆసుపత్రికి ఆ సీడీ పట్టుకెళ్ళి ఇద్దరికీ చూపించు.